సున్నాతో మొదలయ్యే ఊరు

ఈ ఎనిమిది వరుసలను ఒకసారి చూడండి.

ఊరు: బెల్లంపల్లి
జిల్లా: మంచిర్యాల
పిన్: 504251
ఎస్టీడీ: 08735
షిఫ్టులు:
  - 07:00
  - 15:00
  - 23:00

కంప్యూటర్‌తో పరిచయం లేనివాళ్లకు కూడా ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక బొగ్గు ఊరు, దాని జిల్లా, పిన్‌కోడ్, ల్యాండ్‌లైన్ కోడ్, రోజును మూడుగా పంచుకునే ఫస్ట్, సెకండ్, నైట్ షిఫ్టుల వేళలు. ఈ వరుసలను ఉన్నవున్నట్టు ఒక ఫైల్లో దాస్తే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా చదువుకోగలదు. ఈ రాత పద్ధతి పేరు యామల్. ఇందులో తెలుగు మాటలు వాడడానికి ప్రత్యేక ఏర్పాటేమీ అక్కర్లేదు.

పైథాన్ భాషలో యామల్ చదవడానికి చాలామంది వాడే లైబ్రరీ పైయామల్. ఈ ఫైలును దానికిచ్చి, ఏం చదివావో చూపమని అడిగితే కొంచెం ఉలిక్కిపడాల్సి వస్తుంది. ఊరు, జిల్లా సరిగ్గానే వస్తాయి. పిన్‌కోడ్ సంఖ్యగా వస్తుంది. 08735 మాత్రం సంఖ్యగా కాక ఉత్త అక్షరాల వరుసగా వస్తుంది. 07:00 కూడా అంతే. 15:00 ఉన్నచోట 900, 23:00 ఉన్నచోట 1380 ప్రత్యక్షమవుతాయి. మూడు షిఫ్టులూ ఒకేలా రాస్తే ఒకటి మాటగా, రెండు సంఖ్యలుగా ఎందుకు మారాయో తెలియాలంటే యామల్, ఈ లైబ్రరీ ఎలా పుట్టాయో అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

1998లో ఎక్స్‌ఎంఎల్ ప్రమాణంగా వెలువడింది. సమాచారాన్ని ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పంపడానికి అది గట్టి పద్ధతే, కానీ ప్రతి విలువకూ ముందొక గుర్తు, వెనకొక గుర్తు తగిలించాలి. చిన్న పట్టిక కూడా కళ్లకు భారమవుతుంది. దాన్ని తేలిక చేయాలనుకున్నవాళ్లలో క్లార్క్ ఎవన్స్, ఇంగీ డాట్ నెట్, ఓరెన్ బెన్ కికీ అనే ముగ్గురు 2001లో యామల్‌కు రూపం ఇచ్చారు. మామూలు మనిషి కాగితం మీద పట్టిక ఎలా రాసుకుంటాడో, పెద్ద అంశం కింద చిన్నవాటిని ఎలా లోపలికి జరిపి రాస్తాడో, ఆ అలవాటునే వ్యాకరణం చేశారు. 2004 జనవరిలో 1.0, మరుసటి ఏడాది జనవరిలో 1.1 నిర్దేశాలు వచ్చాయి. అదే 2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేసన్ అనే మరో రాత పద్ధతిని ముందుకు తెచ్చాడు. రెంటి స్వభావాలూ వేరు. జేసన్ వ్యాకరణం చిన్న కార్డు మీద పట్టేంత. యామల్ 1.2 వ్యాకరణంలో రెండు వందలకు పైగా సూత్రాలున్నాయి. మనిషికి సులువు చేసిన కొద్దీ ఆ బరువంతా చదివే యంత్రం మీద పడింది.

అందుకే లైబ్రరీ కావాలి. కోలన్ దగ్గర వరుసను రెండు ముక్కలు చేస్తే సరిపోతుందని ప్రోగ్రాం రాసేవాళ్లకు మొదట అనిపిస్తుంది. మూడో ఫైలుకల్లా ఆ ధైర్యం సడలుతుంది. విలువలోనే కోలన్ ఉండొచ్చు, వ్యాఖ్య ఉండొచ్చు, ఒక వాక్యం నాలుగు వరుసలు సాగొచ్చు. ఆ చిక్కులన్నీ ఒకరు ఒకసారి విప్పి అందరికీ పంచితే అదే లైబ్రరీ. తొలి రోజుల్లో రూబీ భాష వాడేవాళ్ల కోసం సిక్ అనే లైబ్రరీ వచ్చింది. ఆ తర్వాత కిరిల్ సిమోనొవ్ పైథాన్‌లో పైయామల్ రాశాడు. 2006లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద సీ భాషలో లిబ్‌యామల్‌ను కట్టాడు. ఆయన చేసిన పని మీద ఇవాళ ఎన్ని సర్వర్లు నిలబడి ఉన్నాయో తలచుకుంటే ఆ పేరు ఇంకా ఎక్కువమందికి తెలియాలనిపిస్తుంది.

పైయామల్ లోపల పని అంచెలుగా సాగుతుంది. మొదటి అంచె రీడర్. దానికి అందేవి బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'బెల్లంపల్లి'లో మన కంటికి బె, ల్లం, ప, ల్లి అని నాలుగు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో బ, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, సున్న, ప, ల, పొల్లు, ల, గుడి కలిపి పదకొండు. అంటే 33 బైట్లు. రీడర్ వాటిని పదకొండు సంకేతాలుగా పోగుచేసి పై అంచెకు ఇస్తుంది. ఫైల్లో ఎక్కడైనా తప్పుంటే లైబ్రరీ ఫలానా వరుస, ఫలానా స్థానం అని చూపేది కూడా ఈ పదకొండు లెక్క మీదే. తెలుగు వరుసల్లో ఆ స్థానం కోసం వేలితో అక్షరాలు లెక్కపెట్టుకుంటూ పోతే అది దొరకదు.

రెండో అంచె స్కానర్. నా దృష్టిలో అసలు చాతుర్యమంతా ఇక్కడే ఉంది. 'ఊరు' అన్న మాట చదివినప్పుడు అది శీర్షికా, విలువా అన్నది స్కానర్‌కు తెలియదు. దాని వెనక కోలన్, ఆ వెనక ఒక ఖాళీ గానీ వరుస ముగింపు గానీ కనబడితేనే శీర్షిక అని తేలుతుంది. అందాకా తీర్పు ఇవ్వకుండా గుర్తుంచుకుంటుంది. ఆ ఓపికకూ హద్దుంది: శీర్షిక ఒకే వరుసలో, 1024 సంకేతాల లోపు ముగియాలి. కోలన్ తర్వాత ఖాళీ వదలకుండా 'ఊరు:బెల్లంపల్లి' అని కలిపి రాస్తే అదంతా ఒకే మాట కింద లెక్క. 15:00లోని కోలన్ శీర్షిక గుర్తు కాకుండా బతికిపోయింది కూడా ఈ నియమం వల్లే. ఎడమ పక్క ఖాళీలను కొలిచేదీ స్కానరే. ఖాళీ పెరిగితే 'ఇక్కడొక లోపలి పట్టిక తెరుచుకుంది' అని, తగ్గితే 'అది మూసుకుంది' అని ఫైల్లో లేని గుర్తులను తానే పుట్టించి పైకి పంపుతుంది. ట్యాబ్ మీట నొక్కి జరిపితే ఒప్పుకోదు, ఎందుకంటే దాని వెడల్పు ఒక్కో ఎడిటర్‌లో ఒక్కో రకం.

ఆపైన పార్సర్ ఈ గుర్తుల క్రమం వ్యాకరణానికి లోబడిందా అని చూస్తుంది. కంపోజర్ వాటిని చెట్టుగా అల్లుతుంది. చివర కన్‌స్ట్రక్టర్ ఆ చెట్టులోని కొమ్మలను పైథాన్ విలువలుగా మారుస్తుంది. కంపోజర్, కన్‌స్ట్రక్టర్‌ల నడుమ రిజాల్వర్ అనే చిన్న భాగం ఉంది. కొటేషన్ గుర్తులు లేని ప్రతి విలువనూ పరికించి ఇది సంఖ్యా, తేదీనా, అవును-కాదా, ఉత్త మాటా అని ఊహించేది అదే. షిఫ్టు వేళలు మారిపోయింది ఆ భాగం చేతిలోనే. సీలో రాసిన లిబ్‌యామల్‌కు ఈ పాపం అంటదు, అది అక్షరాలను అక్షరాలుగానే ఇచ్చి ఊరుకుంటుంది.

యామల్ 1.1లో అరవై ఆధారంగా లెక్కించే సంఖ్యలకు చోటు ఇచ్చారు, గంటలు నిమిషాలు రాసుకోవచ్చని. 15:00 అంటే 15ను 60తో హెచ్చిస్తే 900. 23:00 అంటే 1380. ఆ రూపం సున్నాతో మొదలవకూడదని పైయామల్ నియమం కాబట్టి 07:00 తప్పించుకుంది. ముందు సున్నా ఉన్న అంకెల వరుసను మాత్రం సీ భాష సంప్రదాయంలో ఎనిమిది ఆధారంగా లెక్కిస్తారు. ఆ లెక్కలో 0 నుంచి 7 దాకానే అంకెలు. బెల్లంపల్లి కోడ్‌లో 8 ఉంది, కనుక అది ఆ మూసలో ఇమడక అక్షరాల వరుసగా మిగిలింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ఊరి ఎస్టీడీ కోడూ 08తోనే మొదలవుతుంది. అందుకే మంచిర్యాల, ఆదిలాబాద్, కరీంనగర్ అన్నీ క్షేమం. హైదరాబాద్ ఒక్కటే దొరికిపోతుంది: 040 అని రాస్తే పైయామల్ 32 అని చదువుతుంది.

ఇలాంటిదే నార్వే కథ. ఆ దేశపు రెండక్షరాల సంకేతం ఎన్, ఓ. ఇంగ్లిషులో అది 'కాదు' అనే మాట కూడా కాబట్టి దేశాల పట్టికలో నార్వే ఉండాల్సిన చోట 'అసత్యం' అనే విలువ వచ్చి కూర్చునేది. తెలుగులో 'అవును', 'కాదు' అని రాస్తే రిజాల్వర్ వాటి జోలికి రాదు. తెలుగు అంకెల్లో ౧౫ అని రాసినా సంఖ్య అనుకోదు. దాని ఊహలన్నీ ఇంగ్లిషు మాటల మీద, సీ భాష అలవాట్ల మీద కట్టినవి.

2009లో వచ్చిన 1.2 ఈ పొరపాట్లను చాలావరకు తీసేసింది. అరవై లెక్క పోయింది, సున్నాతో మొదలయ్యే ఎనిమిది లెక్క పోయింది. కానీ దాన్ని పాటించే లైబ్రరీలో 040 సంఖ్య 40 అవుతుంది, 08735 కాస్తా 8735 అవుతుంది. పాత పద్ధతిలో బతికిన బెల్లంపల్లి సున్నా కొత్తదానిలో రాలిపోతుంది. పైయామల్ ఇప్పటికీ 1.1 దగ్గరే ఉంది, మార్చితే లోకంలో ఉన్న పాత ఫైళ్ల అర్థాలన్నీ మారతాయి కనుక. జేసన్ ఇక్కడ నిష్కర్షగా ఉంటుంది. కొటేషన్ లేకుండా 08735 అని రాస్తే పైథాన్ జేసన్ లైబ్రరీ సున్నాను చదివి, ఆ తర్వాత కామా ఏదీ అని అడిగి ఆగిపోతుంది. తప్పుడు విలువతో ముందుకు సాగడం కన్నా అలా ఆగడమే నాకు నచ్చుతుంది. ఫోన్ కోడ్ అంకెల్లో రాసిన పేరే తప్ప కూడడానికి, తీసేయడానికి పనికొచ్చే సంఖ్య కాదు. దాని చుట్టూ కొటేషన్ గుర్తులు పెడితే ఏ లైబ్రరీ అయినా ఒకేలా చదువుతుంది.

కన్‌స్ట్రక్టర్‌కు ఇచ్చిన అధికారం ఇంతకన్నా పెద్ద ప్రమాదం తెచ్చింది. ఫైల్లో ప్రత్యేక గుర్తు ఒకటి పెడితే, భాషలోని ఏ వస్తువునైనా సృష్టించమని, ఏ ఫంక్షన్‌నైనా పిలవమని అది ఆజ్ఞాపించగలిగేది. ఊరు, పిన్ చదవమని ఇచ్చిన ఫైలు కంప్యూటర్‌లో ఆదేశాలు నడిపించే సాధనమైంది. 2013 జనవరిలో, వెబ్‌సైట్లు కట్టే సాధనమైన రూబీ ఆన్ రెయిల్స్‌లో బయటపడ్డ లోపం ఈ దారినే వచ్చింది. బయటివాళ్లు పంపిన ఎక్స్‌ఎంఎల్‌లో యామల్‌ను దాచి సర్వర్‌ను వశం చేసుకోవచ్చని తేలింది. పైయామల్‌లో 'సేఫ్_లోడ్' అనే భద్రమైన ఫంక్షన్ ఉండేది, కానీ మామూలుగా చేతికందేది మాత్రం 'లోడ్'. 2019లో 5.1 వెర్షన్ నుంచి హెచ్చరిక మొదలైంది. 2021లో వచ్చిన 6.0 నుంచి ఏ లోడర్ వాడాలో చెప్పకపోతే 'లోడ్' పనే చేయదు. పాత ప్రోగ్రాములు విరిగినా ఆ నిర్ణయం సరైనదే, ఇంకా ముందే చేయాల్సింది.

తెలుగు రాసేవాళ్లకు మరో ఇబ్బంది తిరుగు దారిలో ఎదురవుతుంది. చదివిన పట్టికను మళ్లీ ఫైలుగా రాయమంటే, పైయామల్ 'బెల్లంపల్లి' బదులు 0సి2సి, 0సి46, 0సి32 అంటూ సంకేత సంఖ్యలు గుప్పిస్తుంది. ఒక్కో సంకేతానికి ఆరు గుర్తుల చొప్పున పదకొండుకు 66. పైథాన్ జేసన్ లైబ్రరీదీ ఇదే అలవాటు. సమాచారం పోదు, తిరిగి చదివితే ఊరి పేరు మళ్లీ వస్తుంది. మనిషి కళ్లకు మాత్రం ఆ ఫైలు పనికిరాదు. మనిషి చదవడం కోసమే పుట్టిన యామల్‌లో ఇలా జరగడం అన్యాయం. యూనికోడ్‌ను అనుమతించమని ఒక్క మాట జోడిస్తే తెలుగు తెలుగుగానే వస్తుంది, అదే మొదటి నుంచీ డిఫాల్ట్‌గా ఉండాల్సింది. తెలుగు వికీపీడియా మీటల మీద, మెనూల్లో కనబడే మాటలు జేసన్ ఫైల్లోనే ఉంటాయి. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీ 2014లో తన అనువాదాలను ఆ రూపంలోకి మార్చింది. అందులో తెలుగు తెలుగుగానే ఉంది కాబట్టే ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా దాన్ని తెరిచి తప్పులు పట్టగలరు.

శీర్షికల విషయంలో మాత్రం యామల్‌ను మెచ్చుకోవాలి. టామల్ అనే ఇలాంటి మరో రాత పద్ధతి 1.0లో కొటేషన్ లేని శీర్షికకు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, రెండు రకాల గీతలే చెల్లుతాయి, 'ఊరు' అని నేరుగా రాస్తే తప్పంటుంది. యామల్‌లో ఆ ఆంక్ష లేదు. అయితే ఊళ్ల పేర్లనే శీర్షికలు చేసుకుంటే జాగ్రత్త అవసరం. బెల్లంపల్లి నుంచి బల్లార్షా వైపు వెళ్తే కాగజ్‌నగర్ వస్తుంది. ఆ పేరులో జ, న కలిసిపోకుండా మధ్యలో వెడల్పే లేని ఒక విడదీసే గుర్తు టైప్ చేస్తాం. కొన్ని కీబోర్డులు పేరు చివరి పొల్లు తర్వాత కూడా దాన్ని చేరుస్తాయి. అది తెరమీద కనబడదు. లైబ్రరీ పోల్చేది సంకేతాలను కాబట్టి ఆ గుర్తు ఉన్న కాగజ్‌నగర్, లేని కాగజ్‌నగర్ దానికి రెండు వేర్వేరు ఊళ్లు. అచ్చంగా ఒకేలా రెండుసార్లు రాస్తే పైయామల్ మొదటిదాన్ని మాట్లాడకుండా వదిలేసి రెండోదాన్ని ఉంచుకుంటుంది. యూనికోడ్ ప్రామాణికీకరణ కూడా ఈ గుర్తును తీసేయదు. అందుకే గ్రామాల పట్టికలతో పనిచేసేవాళ్లు కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఇచ్చే కోడ్‌ను శీర్షికగా, కొటేషన్లలో పెట్టి, పేరును దాని కింద విలువగా రాసుకోవడం మేలు.