అన్‌ఫిట్ అంటే ఏ పనికి?

జబ్బు నయమై డ్యూటీకి వెళ్లిన మనిషి చేతిలో సంస్థ డాక్టరు ‘అన్‌ఫిట్’ అని రాసిన కాగితం పెడితే చాలామంది అక్కడే ఆగిపోతారు. డాక్టరే రాశాక ఇంకేం మాట్లాడతాం అనుకుంటారు. మాట్లాడాలి. ముందు అడగాల్సింది ఒక్కటే: ఏ పనికి అన్‌ఫిట్?

ఒంటి సంగతి డాక్టరు చెప్తారు. ఉద్యోగం ఉంచాలా, తీసేయాలా అన్నది యాజమాన్యం తేల్చేది. ఆ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే మనవాళ్లు నష్టపోతున్నారు.

తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ ఒకరి కేసు చూడండి. 2014లో చేరిన ఆయనకు తర్వాతి వైద్య పరీక్షలో రంగులు గుర్తుపట్టలేని లోపం ఉందని తేలింది. 2016 జనవరిలో ఇంటికి పంపేశారు. బస్సు నడపలేకపోతే శ్రామిక్‌గా, అంటే డిపోలో సహాయక కార్మికుడిగానైనా తీసుకోమని ఆయన అడిగారు. సంస్థ కాదంది. హైకోర్టులో ఒకసారి గెలిచి, మళ్లీ ఓడి, సుప్రీంకోర్టుకు వెళ్లారు. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇవ్వాలని 1979లో కార్మికులతో సంస్థ చేసుకున్న ఒప్పందం ఉంది. తర్వాత వచ్చిన సర్క్యులర్లు దాన్ని రద్దు చేయలేవని, వేరే పని కోసం సంస్థ గట్టిగా వెతకనే లేదని 2025 ఆగస్టు 1న కోర్టు చెప్పింది. తగిన ఉద్యోగం, పాత జీతం, బకాయిల్లో 25 శాతం ఇవ్వమంది. ఆయన వైద్య పరీక్ష తప్పని వాదించి గెలవలేదు, ‘నేను చేయగల పని ఇంకోటి ఉంది’ అని గెలిచారు.

సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, స్థాయి తగ్గించకూడదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ అంటోంది. పాత పోస్టుకు పనికిరాకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలి. పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి. ప్రభుత్వ రంగ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. ప్రైవేటు ఉద్యోగులకు మాత్రం ఈ సెక్షన్ అండ లేదు, ఇది పెద్ద లోటు.

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లకూ ఒక మాట. సంస్థ వైద్య సలహాదారు ‘ఇది వైకల్యం కిందకు రాదు’ అన్నంత మాత్రాన యాజమాన్యం కళ్లు మూసుకుని తలూపకూడదని, తానే విచారించి తేల్చుకోవాలని అక్కడి అప్పీలు కోర్టు 2013లో న్యూపోర్ట్ కౌన్సిల్ కేసులో చెప్పింది.

మరి చేయాల్సిందేమిటి? ముందు మిమ్మల్ని అన్‌ఫిట్ అన్న రిపోర్టు నకలు అడిగి తీసుకోండి. మీకు వైద్యం చేసిన స్పెషలిస్టు చేత కొత్త లెటర్ రాయించుకోండి. ‘ఆరోగ్యం బాగుంది’ అన్న ముక్క చాలదు. ఎంతసేపు నిలబడగలరు, ఎంత బరువు ఎత్తగలరు, నైట్ డ్యూటీ చేయగలరా అన్నవి అందులో ఉండాలి. దాన్ని జతచేసి మళ్లీ పరీక్షించమని కోరండి. మూర్ఛ వచ్చే మనిషి స్టీరింగ్ కోసం పట్టుబట్టడం మాత్రం తప్పు, ఎదుట ఉన్నవి ప్రయాణికుల ప్రాణాలు. అక్కడ వేరే పనే అడగాలి. ఏది అడిగినా రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. అదీ ఉద్యోగం నుంచి పంపేసే ఆర్డరు చేతికి రాకముందే.