వెలుగు పసిగట్టలేని జిగురు

రెండు గాజు కటకాలను దగ్గర చేర్చి, మధ్యలో వెంట్రుకంత గాలి వదిలినా వెలుగు దాన్ని ఇట్టే పసిగడుతుంది. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు సుమారు 4 శాతం, మళ్లీ గాజులోకి దూరేటప్పుడు ఇంకో 4 శాతం వెనక్కి మళ్లిపోతుంది. కటకాలు పెరిగేకొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది, బొమ్మ వెలవెలబోతుంది.

వెలుగును వెనక్కి తిప్పేది గాజూ కాదు, గాలీ కాదు, వాటి మధ్య తేడా. మామూలు గాజు వక్రీభవన గుణకం దాదాపు 1.52, గాలిది 1. ఆ సందును 1.55 గుణకం ఉన్న జిగురుతో నింపితే, గాజు, జిగురు కలిసేచోట పరావర్తనం 0.01 శాతానికి పడిపోతుంది. వెలుగు సరిహద్దును గుర్తించకుండానే దాటిపోతుంది.

అలాంటి జిగురును చాలాకాలం చెట్టే ఇచ్చింది. ఉత్తర అమెరికాలో పెరిగే బాల్సమ్ ఫర్ చెట్టు బంకను కెనడా బాల్సమ్ అంటారు. ఆరినా అందులో స్ఫటికాలు కట్టవు, గాజులాగే తేటగా ఉంటుంది. కటకాలు అతికేవాళ్లు దాన్ని అంతగా నమ్ముకున్నది అందుకే.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది మాత్రం ఇదే బంకతో వెలుగును ఆపిన తీరు. ఎడిన్‌బరోలో ఉండే విలియం నికల్ 1828లో కాల్సైట్ స్ఫటికాన్ని ఏటవాలుగా కోసి, రెండు ముక్కలనూ కెనడా బాల్సమ్‌తో మళ్లీ అతికాడు. కాల్సైట్ తనలోకి వచ్చిన వెలుగును రెండు కిరణాలుగా చీలుస్తుంది. ఒకదానికి స్ఫటికం గుణకం 1.658. బంక గుణకం అంతకన్నా తక్కువ కాబట్టి, 69 డిగ్రీలు దాటిన కోణంలో తాకిన ఆ కిరణం సంపూర్ణాంతర పరావర్తనం చెంది పక్కకు పోతుంది. రెండోదానికి స్ఫటికం గుణకం బంక కన్నా తక్కువ, అందుకని అది నేరుగా సాగిపోతుంది. అవతలికి వచ్చేది ఒకే దిశలో కంపించే ధ్రువణ కాంతి. శిలలను పరిశీలించే మైక్రోస్కోపుల్లో నికల్ పట్టకాలు దశాబ్దాలపాటు పనిచేశాయి.

ఇక్కడ బంక పొర మరీ పలుచనైనా చిక్కే. తరంగదైర్ఘ్యంకన్నా, అంటే మిల్లీమీటరులో రెండువేలవ వంతుకన్నా సన్నగా ఉంటే, ఆగాల్సిన కిరణం కూడా కొంత అవతలికి జారిపోతుంది.

కెనడా బాల్సమ్ వేడికి మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది. అందుకే ఇప్పుడు అతినీలలోహిత కిరణాలు పడితే గట్టిపడే జిగుర్లు వచ్చాయి. ద్రవంగా ఉండగానే కటకాలను సరిగ్గా కుదిర్చి, తర్వాత కిరణాలు పడేలా చేస్తారు. గట్టిపడేటప్పుడు జిగురు కొద్దిగా కుంచించుకుపోయి గాజును లాగుతుంది. పలుచని కటకమైతే ఆ లాగుడుకే వంపు మారిపోగలదు. కాబట్టి ముందు కొద్దిపాటి కిరణాలతో నిలబెట్టి, కుదురు చూసుకున్నాకే పూర్తిగా గట్టిపరుస్తారు.