పాత పొగగొట్టంలో లైనర్ ఎందుకు?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే హయాంలో ఎదిగిన ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ఇలాంటి పాత రైల్వే ఊళ్లలో బొగ్గు పొయ్యికి కట్టిన ఇటుక పొగగొట్టం ఎక్కడైనా మిగిలి ఉంటే, పైకి గట్టిగానే కనిపిస్తుంది. లోపల సంగతి వేరు. బొగ్గు పొగలోని గంధకం తేమతో కలిసి ఆమ్లమై ఇటుకల మధ్య సున్నాన్ని తినేస్తుంది. ఆ సందుల్లోంచి కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వికారం మొదలైతే జలుబేమో అనుకుని పడుకుంటారు. ప్రాణం పోయేది అక్కడే.

బయట సిమెంటు పూస్తే సరిపోదు. మసి దులిపించి, పైనుంచి పొయ్యి దాకా స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం దించాలి. లైనర్ అంటే అదే. మరీ వెడల్పైతే పొగ చల్లబడి పైకి లాగదు, ఇరుకైతే గదిలోకే తంతుంది. వంటగ్యాస్ వచ్చాక వాడకం మానేసిన గొట్టానికి ఈ ఖర్చు అక్కర్లేదు. గ్యాస్ గీజర్ పొగను అందులోకి వదలాలనుకుంటే మాత్రం ముందు లైనరే.