దీర్ఘవ్యాధి ఇంట అడుగిడినపుడు

వివాహ సమయమున ఏడడుగులు నడచిన దంపతులు కష్టసుఖములు రెండింటను ఒకరికొకరు తోడుండుదుమని చెప్పుకొందురు. సుఖమున తోడుండుట ఎవరికైనను చేతనగును. కష్టము నాలుగు దినములదియైనచో ఎట్లో ఓర్చుకొందురు. కాని నెలలు, సంవత్సరములు గడచినను వదలని వ్యాధి ఒకరిని పట్టుకొన్నపుడు, రెండవవారు భర్తగనో భార్యగనో ఉండిన చాలదు. నర్సు, వంటమనిషి, గుమాస్తా, బంట్రోతు అన్నియు తామే కావలసివచ్చును. వీనిలో చివరి రెండు పనులను గూర్చి, అనగా ప్రభుత్వమునుండి రావలసిన సహాయమును అడిగి తెచ్చుకొనుటను గూర్చి, నేడు ముచ్చటింపదలచినాము.

రోగము పేరు చెప్పి మందు వ్రాయుట డాక్టరు పని. పింఛను ఎక్కడ దొరకును, సర్టిఫికెట్టు ఎవరిత్తురు అను ప్రశ్నలకు మందుల చీటీపై సమాధానముండదు. ఇరుగుపొరుగు వారిని అడుగుదమన్న అభిమానము అడ్డువచ్చును. "మనమేమి బిచ్చమెత్తుకొనువారమా?" అని రోగియే వారించుటయు కలదు. అడగనిదే అమ్మయినను పెట్టదని సామెత. అడుగవలసినది ప్రభుత్వమును అయినపుడు ఎవరిని, ఎప్పుడు, ఏ కాగితముతో అడుగవలెనో కూడ తెలిసియుండవలెను. అన్నిటికంటె ముందు తెలియవలసినదేమనగా, మనమడుగునది దయను కాదు, చట్టము ఒప్పుకొన్న హక్కును.

ఆ చట్టము 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము. అది 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకు మునుపున్న 1995 నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములనే గుర్తించినది. చూపు లేకుండుట, వినికిడి లేకుండుట, కాలుసేతులు స్వాధీనములో లేకుండుట మున్నగునవి అందులోనివి. 2007లో భారతదేశము ఐక్యరాజ్యసమితి వారి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించిన పిమ్మట ఈ దృష్టి విశాలమైనది. క్రొత్త చట్టమున 21 విధములు చేరినవి. పార్కిన్సన్ వ్యాధి, మల్టిపుల్ స్క్లీరోసిస్, హీమోఫిలియా, తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి వీనిలో ఉన్నవి. పైకి కనబడక లోలోపల మనిషిని క్రుంగదీయు దీర్ఘవ్యాధి కూడ వైకల్యమే కావచ్చునని చట్టము ఒప్పుకొన్నది.

అయితే ప్రతి దీర్ఘవ్యాధియు ఆ పట్టికలో లేదు. మధుమేహము, గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి పేరు చెప్పినంత మాత్రమున వైకల్య సర్టిఫికెట్టు రాదు. అంతమాత్రముచేత నిరాశ చెందనక్కరలేదు. మధుమేహమువలన కాలు తీసివేయవలసివచ్చినను, చూపు పోయినను, పక్షవాతమువలన ఒకప్రక్క స్వాధీనము తప్పినను, కీళ్లవాతముచే వేళ్లు వంకరలు తిరిగినను, అట్టి నష్టము వైకల్యముగా గణనకు వచ్చును. కావున డాక్టరును "ఈ జబ్బునకు సర్టిఫికెట్టు వచ్చునా?" అని అడుగుట చాలదు. "ఈ జబ్బువలన ఏ శక్తి ఎంతవరకు పోయినది? దానిని కొలిచి వ్రాయుటకు వీలగునా?" అని అడుగవలెను.

ఈ కొలతయే సకలమునకు మూలము. నూటికి 40 పాళ్లు, అంతకు మించి వైకల్యమున్నవారికే చట్టములోని ముఖ్యమైన సదుపాయములు వర్తించును. సర్టిఫికెట్టు చేతికి వచ్చినంతనే పింఛను దానంతట అది రాదు. సర్టిఫికెట్టు తాళపుచెవి వంటిది. పింఛను, రైలు రాయితీ, పన్ను తగ్గింపు వేరువేరు తలుపులు. ప్రతి తలుపు వద్దకు వేరుగా నడువవలెను. తాళపుచెవి లేనిచో ఆ తలుపులలో పెక్కులు తెరచుకొనవు.

తెలుగునాట సదరం శిబిరములు పలువురకు పరిచితములే. ఇప్పుడు దేశమంతటికిని ఒకే విధమైన యు.డి.ఐ.డి. కార్డు ఏర్పడినది. అర్జీని 'స్వావలంబన్' అను అంతర్జాల ద్వారము మూలమున పంపవచ్చును. నివసించు జిల్లాలోని అధికార వైద్యులకు గాని, రోగి చికిత్స పొందుచున్న ప్రభుత్వ ఆస్పత్రికి గాని అర్జీ పెట్టుకొనవచ్చునని నిబంధనలు చెప్పుచున్నవి. దూరప్రాంతమున చికిత్స పొందుచున్నవారికి ఇది గుర్తుంచుకొనదగిన సంగతి. 2024లో సవరించిన నిబంధనల ప్రకారము సర్టిఫికెట్టు ఇచ్చుటకు గడువు మూడు నెలలు. 40 పాళ్లకు లోపువారికి తెల్లని కార్డు, 40 మొదలు 80 లోపువారికి పసుపుపచ్చ కార్డు, 80 అంతకు మించినవారికి నీలిరంగు కార్డు ఇత్తురు. అర్జీ పెట్టినపుడు ఇచ్చిన సంఖ్యను, రశీదును భద్రపరచుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది కాగితముల సంగతి. అసలు చిక్కు మరియొకటి కలదు. వైద్యమండలి రోగిని చూచునది ఒక్క దినము, అందును కొద్ది నిమిషములు. దీర్ఘవ్యాధి యుండునది 365 దినములు. మల్టిపుల్ స్క్లీరోసిస్‌ను ఉదాహరణముగా తీసికొందము. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లోనే దీనిని వివరించినాడు. రేడియో తీగపైనున్న రబ్బరు తొడుగు చెదరినచో ధ్వని ఒకసారి వినబడి ఒకసారి గరగరలాడునట్లు, నరములపైనున్న మైలిన్ పొర దెబ్బతిన్నందున మెదడు పంపు వార్త ఒకప్పుడు అందును, ఒకప్పుడు అందదు. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకు ఎక్కువగా వచ్చును. పెక్కుమందికి 20, 40 ఏండ్ల నడుమ, పిల్లలను పెంచవలసిన వయస్సునందు, మొదలగును. శ్రమపడినపుడు రోగుల చూపు తాత్కాలికముగా మందగించునని జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హోఫ్ 1890లో గుర్తించినాడు; శరీరపు వేడి పెరిగినచో బాధలు పెరుగునని తరువాతివారు తేల్చినారు. మన రెంటచింతల ఎండలలో ఆ మాటకు ఎంత అర్థమున్నదో ఊహించుకొనవచ్చును.

ఇట్టి వ్యాధి గల భార్యతో శిబిరమునకు వెళ్లిన గృహస్థును తలచుకొందము. ఆమె వేకువనే లేచి, చల్లని వేళ ప్రయాణము చేసి, ముచ్చటగా తల దువ్వుకొని, డాక్టరు ముందు నాలుగడుగులు చక్కగనే వేయును. "ఎట్లున్నారమ్మా?" అని అడిగినచో "బాగుగనే యున్నానండీ" అని మర్యాదకు చెప్పును. మన ఇండ్లలో ఆడవారికి అది అలవాటు. ఆ సాయంకాలము ఇల్లు చేరినపిదప రెండు దినములు మంచము దిగలేకపోవుట డాక్టరునకు తెలియదు. ఆయన వ్రాసినది అబద్ధము కాదు. ఆమె చెప్పినదియు అబద్ధము కాదు. కాని నిజములో ఎక్కువ భాగము కాగితముపైకి ఎక్కలేదు.

ఆ మిగిలిన నిజమునకు సాక్షి, ప్రక్కనుండు భర్తయో భార్యయో. కావున శిబిరమునకు రెండు మూడు నెలల ముందునుండియే ఒక చిన్న నోటుపుస్తకమున దినమునకు రెండు మూడు పంక్తులు వ్రాసియుంచుట మేలు. "నేడు జడ తానే వేసికొనలేకపోయినది", "స్నానమునకు సాయము కావలసినది", "రాత్రి రెండుమార్లు పడిపోయినాడు" అను మాటలు చాలును. "చాల కష్టముగా నున్నది" అనుటకంటె "నెలలో పదునొకండు దినములు మెట్లు దిగలేదు" అనుట డాక్టరునకు ఎక్కువ ఉపయోగపడును. దానికి తోడు స్కానింగు నివేదికలు, ఆస్పత్రిలో చేర్చుకొన్నపుడు, విడుదల చేసినపుడు ఇచ్చిన కాగితములు తేదీల వరుసను కూర్చి, నకళ్లు తీసి పట్టుకొని పోవలెను. మండలి పరీక్షించి కొలుచునది శరీరమునే. అయినను ఏమి పరీక్షింపవలెనో మన వ్రాత వారికి చూపగలదు.

ఇచట ఒక హెచ్చరిక. ఉన్నది ఉన్నట్లు చెప్పుట వేరు, లేనిది కల్పించుట వేరు. మోసముచేసి సదుపాయములు పొందువారికి రెండేండ్ల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని ఇదే చట్టము చెప్పుచున్నది. అట్లే, తగిన సర్టిఫికెట్టు రానిచో ఊరక మరలిరానక్కరలేదు. నిరాకరించినపుడు కారణములను తెలుపవలెననునది నిబంధన. చట్టములోని 59వ విభాగము క్రింద అప్పీలు చేసికొనవచ్చును. రాష్ట్రములందు వికలాంగుల కమిషనరులకును ఫిర్యాదు పంపుకొనవచ్చును. తాత్కాలిక సర్టిఫికెట్టు ఇచ్చినచో అది ముగియు తేదీని గోడమీది పంచాంగమున గుర్తు పెట్టుకొనవలెను. పలువురి పింఛనులు ఈ ఒక్క తేదీ మరచుటవలననే ఆగిపోవుచున్నవి.

ఇక ధనము సంగతి. కేంద్ర ప్రభుత్వము 2009లో ప్రారంభించిన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకము క్రింద, దారిద్ర్యరేఖకు దిగువనుండి, నూటికి 80 పాళ్ల వైకల్యమున్నవారికి నిర్ణయించినది నెలకు 300 రూపాయలు మాత్రమే. దానిపై రాష్ట్రములు తమ భాగము చేర్చుచున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైనుండి వికలాంగుల పింఛను 6,000 రూపాయలైనది. పూర్తిగా మంచముపైననో చక్రముల కుర్చీలోనో గడుపువారికి 15,000 రూపాయలుగను, మూత్రపిండ వ్యాధిగ్రస్తులలో కొన్ని తరగతులవారికి 10,000 రూపాయలుగను నిర్ణయించినారు. తెలంగాణమున వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైనది. కుటుంబపు ఆదాయము, ఆస్తి మున్నగు నియమములు ఈ పింఛనులకు అడ్డుపడవచ్చును. వైకల్యపు పట్టికలో లేని మూత్రపిండ రోగికి రాష్ట్రపు పింఛనులో చోటుండుట గమనింపుడు. ఒక తలుపు మూసియున్నదని రెండవదానిని తట్టకుండుట పొరపాటు.

ఉద్యోగముననుండగా వ్యాధి వచ్చినవారికి మరికొన్ని రక్షణములు కలవు. ప్రభుత్వ సంస్థలో పనిచేయువారు ఉద్యోగకాలమున వైకల్యము పొందినచో వారిని తొలగించుట గాని, స్థాయి తగ్గించుట గాని కూడదని చట్టములోని 20వ విభాగము శాసించుచున్నది. చేయుచున్న పనికి తగకపోయినచో అదే జీతముపై వేరొక పనిలోనికి మార్చవలెను. కావున తొందరపడి రాజీనామా వ్రాసి ఇచ్చుట తగదు. ఇ.ఎస్.ఐ. బీమా గల కార్మికులకు, అర్హత నియమములకు లోబడి, 34 దీర్ఘవ్యాధుల విషయమున జీతములో నూటికి 80 పాళ్ల చొప్పున రెండేండ్ల వరకు సహాయము పొందు ఏర్పాటు కలదు. ఫ్యాక్టరీ గుమాస్తాను ఈ మాట అడిగి తెలిసికొనుట భార్య చేయగల పనియే.

ఇంతవరకు రోగిని గూర్చి చెప్పినాము. సేవచేయువారి మాట యేమి? తోడు లేనిదే గడవని వికలాంగులకు సంరక్షకుల భత్యము ఇచ్చు పథకములు ప్రభుత్వములు చేయవలెనని 24వ విభాగము చెప్పుచున్నది. అట్టి అధిక సహాయము కావలెనని రోగి గాని, ఆయన పక్షమున వేరొకరు గాని అర్జీ పెట్టుకొనవచ్చునని 38వ విభాగము చెప్పుచున్నది. అయితే 'ఆర్థిక శక్తికి లోబడి' అను మాట కూడ 24వ విభాగమున కలదు. ఆ చిన్న మాట వెనుక ఎందరో భార్యలు, భర్తలు జీతములేని సేవలో, కొందరు తమ ఉద్యోగములు మానుకొని, వయస్సు గడుపుచున్నారు. వారి నడుమునొప్పిని, నిద్రలేమిని ఏ వైద్యమండలియు కొలుచుట లేదు. మాటలో ఉన్న హక్కు చేతికి రావలెనన్న దానిని అడుగు అర్జీలు కార్యాలయములకు చేరుచుండవలెను. అడుగువారు లేని పథకమునకు నిధులు కేటాయించుట అరుదు.

మరియొక సంగతి పెక్కుమందికి తెలియదు. రోగికి తెలివి తప్పినపుడో, ఆలోచనాశక్తి పోయినపుడో, భార్య గాని భర్త గాని తమంతట తామే చట్టరీత్యా సంరక్షకులు కారు. బ్యాంకులో రోగి పేరనున్న సొమ్ము, రోగి వైద్యమునకే, చేతికి రాక ఆగిపోవచ్చును. కోమాలో నున్నవారి విషయమున సంరక్షకులను నియమించుటకు 2019లో కేరళ హైకోర్టు మార్గదర్శకములు ఏర్పరచవలసివచ్చినది ఇందువలననే. కాబట్టి సంతకము చేయు శక్తియు, సమ్మతి తెలుపు తెలివియు ఉన్నపుడే ఖాతాను ఇద్దరి పేరను మార్చుకొనుట, నామినీల పేర్లు సరిచూచుకొనుట మంచిది. ఇది అశుభము పలుకుట కాదు. వాన రాకముందే ఇంటికప్పు నేసికొనుట వంటిది.

ఈ పనులన్నియు ఒక్కరే చేయనక్కరలేదు. శిబిరమునాడు వరుసలో నిలబడుటకు ఒక తమ్ముడు, అర్జీ నింపుటకు చదువుకొన్న పొరుగింటి అమ్మాయి, ఆ పూట రోగివద్ద కూర్చుండుటకు ఒక పిన్నిగారు దొరకినచో భారము సగమగును. ఇట్టి ఇల్లు మీ వీధిలో నున్నచో, "ఎట్లున్నారు?" అని గుమ్మమునుండియే అడిగి పోవుటకంటె, "అర్జీ పెట్టినారా? కాగితములు నేను చూచెదను" అని లోనికి రండు. నోటుపుస్తకమున మొదటి పంక్తి వ్రాయుటకు మాత్రము రేపటివరకు ఆగనక్కరలేదు.