ఇంగ్లీషు పలుకుబడులలో కార్యకారణములు

కారణము లేనిదే కార్యము పుట్టదని పెద్దలు చెప్పుదురు. అయితే ఏది కారణమో, ఏది కార్యమో మాటలలో పెట్టవలసి వచ్చినపుడు ప్రతి భాషయు తనదైన త్రోవ త్రొక్కును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల విద్యార్థులు పలు భాషల నడుమ పెరుగుచున్నారు. ఇంటిలో ఉర్దూ, బజారులో తెలుగు, సరిహద్దు దగ్గరగుటచే చెవిన పడు కన్నడము, పరీక్ష కాగితముపై ఇంగ్లీషు. కావున ఈ విషయము వారికి కేవలము వ్యాకరణ ప్రశ్న కాదు. ఇందుకు మా అనుభవము నొకదానిని ముందుగా చెప్పెదము.

ఒక వర్షాకాలమున, ధర్మవరము నుండి రైలులో వచ్చు మా విద్యార్థి యొకడు తాను ఇంగ్లీషులో వ్రాసిన అర్జీని మాకు చూపినాడు. అతని చాచా పట్టుచీరలు నేయువాడు. వాననీరు ఇంటిలోనికి వచ్చి మగ్గము గుంత నిండినది, పడుగు తడిసి పాడైనది, మగ్గము ఆగినది, కూలి లేక అప్పు చేయవలసి వచ్చినది. సహాయము కోరుచు వ్రాసిన అర్జీ యది. “స్పెల్లింగులు మాత్రము చూడండి సార్, చాలు” అన్నాడు. స్పెల్లింగులు సరిగానే ఉన్నవి. కాని ముఖ్యవాక్యము ఇట్లున్నది: ‘ది స్టాపేజ్ ఆఫ్ ది లూమ్ రిజల్టెడ్ ఫ్రమ్ డెట్స్.’ అనగా అప్పుల వలన మగ్గము ఆగినదని అర్థము. జరిగినదో, మగ్గము ఆగినందువలన అప్పులైనవి.

“ఇందులో గ్రామరు తప్పు ఎక్కడున్నది సార్?” అని ఆ అబ్బాయి అడిగినాడు. గ్రామరు తప్పు లేదు. ప్రమాదము అందులోనే ఉన్నది. వాక్యము తప్పుగా ఉన్నచో చదువువారు ఆగి ఆలోచింతురు. ఒప్పుగా ఉన్న వాక్యము తప్పు సంగతి చెప్పినచో ఎవరును ఆగరు. ఆ అర్జీ చదివిన వారికి చాచా వానవలన నష్టపోయిన వాడుగా గాక, అప్పులపాలై పని మానుకొన్నవాడుగా కనబడును.

ఈ పొరపాటు ఎందుకు వచ్చును? తెలుగులో ‘వలన’, ‘చేత’, ‘బట్టి’ యను మాటలు కారణమును విడువక అంటియుండును. ‘వాన వలన మగ్గము ఆగినది’ అన్నను, ‘మగ్గము ఆగినది వాన వలన’ అన్నను, కారణము వానయే. ఉర్దూలో ‘కీ వజహ్ సే’ యనునదియు ఇట్టిదే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ‘వలన’ను పంచమీ విభక్తిలో చేర్చినాడు. పదములు ఎటు కదిలినను విభక్తి వెంట నడచును గనుక అర్థము చెడదు. ఇంగ్లీషులో ‘రిజల్ట్’ వంటి క్రియ కార్యకారణముల నడుమ నిలుచును. ఏది ముందో ఏది వెనుకో తేల్చునది దాని ప్రక్కనున్న చిన్న మాటయే.

‘రిజల్ట్ ఇన్’, ‘లీడ్ టు’, ‘గివ్ రైజ్ టు’, ‘బ్రింగ్ అబౌట్’ అన్నపుడు కారణము ముందు, కార్యము తరువాత. ‘రిజల్ట్ ఫ్రమ్’, ‘అరైజ్ ఫ్రమ్’, ‘స్టెమ్ ఫ్రమ్’ అన్నపుడు కార్యము ముందు, కారణము తరువాత. ‘ఫ్రమ్’ అనగా ‘నుండి’ యని జ్ఞాపకముంచుకొన్నచో చాలును. దాని వెనుక వచ్చునదే మూలము. మనకు దగ్గరి ఉదాహరణము చూతము. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము ఓడిపోయినది. పిమ్మట తిరుమల రాయలు పెనుకొండను రాజధానిగా చేసికొన్నాడు. ఓటమి రాజధాని మార్పునకు ‘లెడ్ టు’. రాజధాని మార్పు ఓటమి నుండి ‘రిజల్టెడ్ ఫ్రమ్’. ఇచ్చట ‘ఫ్రమ్’ బదులు ‘ఇన్’ వ్రాసినచో, రాజధాని మారినందువలన యుద్ధములో ఓడినట్లగును.

ఉర్దూ మాతృభాషగా గలవారు చేయు మరొక పొరపాటు కలదు. ఉర్దూలో ‘చూంకి’తో కారణము చెప్పి, ‘ఇస్ లియే’తో కార్యము చెప్పుట సహజము. ఆ జంటను అట్లే ఇంగ్లీషులోనికి దింపి, ముందు ‘బికాజ్’ వ్రాసి, నడుమ ‘సో’ చేర్చుదురు. ఇంగ్లీషు ఈ రెండింటిలో ఒక్కదానినే కోరును. ‘బికాజ్’ ఉన్నచో ‘సో’ వలదు. ‘సో’ ఉన్నచో ‘బికాజ్’ వలదు. ఇది తెలివితక్కువ వలన వచ్చిన తప్పు కాదు. ఒక భాషలోని మర్యాదను మరొక భాషలో పాటించుట వలన వచ్చినది.

ఇక కారణమును చెప్పుటతో పాటు దానిపై తీర్పును కూడ చెప్పు పలుకుబడులు కొన్ని ఉన్నవి. ఇంగ్లీషులో ‘థాంక్స్ టు’, ఉర్దూలో ‘బదౌలత్’, తెలుగులో ‘పుణ్యమా అని’. ఇవి మేలు చేసినవారికి కృతజ్ఞత తెలుపు మాటలు. ‘మా టీచరు పుణ్యమా అని నాలుగు అక్షరములు వచ్చినవి’ అన్నది కృతజ్ఞత. ‘నీ పుణ్యమా అని బండి తప్పినది’ అన్నది ఎత్తిపొడుపు. ‘థాంక్స్ టు’ సైతము ఈ రెండు పనులును చేయును. కనుక అర్జీలో ‘థాంక్స్ టు ది రెయిన్స్’ అని వ్రాసి నష్టము చెప్పుకొన్నచో వేళాకోళముగా తోచును. అచ్చట ‘బికాజ్ ఆఫ్’ లేదా ‘ఓయింగ్ టు’ యుక్తము.

‘డ్యూ’, ‘ఓయింగ్’ అను రెండు మాటలును మొదట బాకీకి సంబంధించినవే. ఫలితము కారణమునకు బాకీపడి యున్నదని ఇంగ్లీషు భావన. ‘డ్యూ టు’ను నామవాచకమునకు విశేషణముగా మాత్రమే వాడవలెనని ఫౌలర్ 1926లో తన వాడుక గ్రంథమున పట్టుపట్టినాడు. నేడు ఆ పట్టు సడలినది; రెండు విధములుగను వాడుచున్నారు. అరబ్బీలో ‘సబబ్’ అను మాటకు మొదటి అర్థము త్రాడు. పిమ్మట ఒకదానిని చేరుటకు సాధనము, ఆపై కారణము అను అర్థములు వచ్చినవి. అదే మాట తెలుగులో ‘సబబు’ అయి, న్యాయమైనది అను అర్థమునకు చేరినది. ‘నీ మాట సబబుగా ఉన్నది’ అనువారు తాము అరబ్బీ మాట పలుకుచున్నామని తలపరు.

మరొక భేదము మిక్కిలి ముఖ్యమైనది. పెనుకొండ కొండపై పొగ కనబడినది, కనుక అచ్చట నిప్పు ఉన్నదందుము. పొగ నిప్పును పుట్టించలేదు; నిప్పున్నదని మనకు తెలిపినది. మన తర్కశాస్త్రము పుట్టించుదానిని కారక హేతువనియు, తెలియజేయుదానిని జ్ఞాపక హేతువనియు వేరుచేసినది. ఇంగ్లీషులో జ్ఞాపక హేతువునకు ‘సిన్స్’, ‘ఫర్’ చెల్లును గాని ‘డ్యూ టు’ చెల్లదు. హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టులో ఒకనాడు ధర పెరిగినచో, సరకు తక్కువ వచ్చియుండునని ఊహింతుము. ఆ ఊహను ‘డ్యూ టు’తో వ్రాసినచో, ధర పెరిగినందువలన సరకు తగ్గినదని అర్థమగును. సంగతి తిరగబడును.

చివరిది ‘ఆఫ్టర్’. కాకి వాలినది, తాటిపండు పడినది. దీనిని కాకతాళీయమందురు. తరువాత జరిగినదెల్ల దానివలన జరిగినది కాదు. అనంతపురము సీమలో సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. పడమటి కనుమల చాటున ఉండుటయు, తూర్పు సముద్రమునకు దూరమగుటయు ఇందుకు కారణములు. అయినను వాన తప్పిన ఏట, ఇంటికి వచ్చిన కొత్త కోడలు ‘కాలుపెట్టిన వేళ’ యని నిందించినవారు కలరు. ఉర్దూ ఇండ్లలోను ‘మన్‌హూస్ ఖదమ్’ అను మాట వినబడును. ‘ఆఫ్టర్’ను ‘బికాజ్ ఆఫ్’గా మార్చిన ఈ ఒక్క తప్పు ఎందరు ఆడపిల్లలను ఏడిపించినదో చెప్పజాలము. ఏ భాషలోనైనను దీనికి మించిన వ్యాకరణ దోషము లేదు.

నాడు ఆ అర్జీని మేమును, ఆ అబ్బాయియు కూర్చుండి తిరిగి వ్రాసినాము. వాన, గుంతలో నీరు, తడిసిన పడుగు, ఆగిన మగ్గము, అప్పు – జరిగిన వరుసలోనే ఒక్కొక్క చిన్న వాక్యము. ‘దిస్ రిజల్టెడ్ ఇన్ డెట్స్’ అని ముగించినాము. కొన్నాళ్లకు చాచాకు కొంత సహాయము అందినది. “మీరు దిద్దిన వాక్యము వలననే సార్!” అని అబ్బాయి సంతోషముతో వచ్చి చెప్పినాడు. ‘తరువాత’ యని మాత్రమే చెప్పవలెననియు, ‘వలన’ యనుటకు మనయొద్ద సాక్ష్యము లేదనియు చెప్పినాము. అతడు నవ్వినాడు. పాఠము వానికి అర్థమైనదని ఆ నవ్వును బట్టి మేము గ్రహించినాము.

మన విద్యార్థులలో చాలమంది తమ వీధికంతటికి అర్జీలు వ్రాసిపెట్టువారు. చదువురాని పెద్దలు తమ కష్టమును నమ్మి వారి కలమునకు అప్పగింతురు. కావున ఇంగ్లీషులో కారణము చెప్పునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఏది ముందు జరిగినది? అది దీనిని నిజముగా పుట్టించినదా, లేక తెలియజేసినదా, లేక కేవలము ముందు వచ్చినదా? మనము వాడిన మాట ఎవరిని మెచ్చుచున్నది, ఎవరిని నిందించుచున్నది? ఈ మూడింటికి జవాబు తెలిసిన పిమ్మటనే కలము ఎత్తుట సబబు.