కొత్త అవయవాన్ని కాపాడే మాత్రలు – కిడ్నీల విషయంలో జాగ్రత్త



"మార్పిడి చేసింది లివర్ కదా సిస్టర్, మరి కిడ్నీ ఎందుకు దెబ్బతింది?" అని కొందరు అడుగుతుంటారు. దీనికి ఒక ముఖ్య కారణం రోజూ వేసుకునే మాత్రల్లోనే ఉంది.

ఈ మాత్రలు ఎందుకు?

ఇతరుల నుండి తీసి అమర్చిన అవయవాన్ని మన శరీరం శత్రువుగా ఎంచి దాడి చేస్తుంది. దీన్నే రిజెక్షన్ అంటారు. దాన్ని ఆపడానికి రోగనిరోధక శక్తిని కొంత అణచే మందులు ఇస్తారు. వాటిలో ఒకటైన సైక్లోస్పోరిన్‌ను 1978లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో కిడ్నీ మార్పిడి రోగులకు వాడారు. అది కిడ్నీలకు హాని చేయగలదని అప్పుడే బయటపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడే టాక్రోలిమస్‌కు కూడా ఈ గుణం ఉంది.

హాని ఎలా జరుగుతుంది?

ఈ మందులు కిడ్నీలోకి రక్తాన్ని తీసుకువెళ్లే సన్నని నాళాలను బిగుసుకుపోయేలా చేస్తాయి. రక్తం తగ్గితే వడపోత తగ్గి, క్రియాటినిన్ పెరుగుతుంది. మొదట్లోనే కనిపెట్టి డాక్టరుగారు మోతాదు సరిచేస్తే చాలామందిలో కిడ్నీ తేరుకుంటుంది. ఏళ్ల తరబడి సాగితే కిడ్నీ లోపల మచ్చలు పడతాయి. అవి తిరిగి పోవు. బీపీ, షుగర్ ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ.

కిడ్నీ కాక ఇతర అవయవాల మార్పిడి జరిగిన సుమారు 69 వేలమంది వివరాలను అమెరికాలో పరిశీలించి 2003లో ప్రచురించారు. మార్చిన అవయవాన్ని బట్టి, ఐదేళ్లలో నూటికి 7 నుండి 21 మందికి దీర్ఘకాల కిడ్నీ వైఫల్యం వచ్చింది.

అయితే మాత్రలు ఆపేయాలా?

ఎంతమాత్రం వద్దు. కిడ్నీ మార్పిడి అయినవారిలో మందు ఎక్కువైనా క్రియాటినిన్ పెరుగుతుంది, మందు చాలక రిజెక్షన్ వచ్చినా పెరుగుతుంది. రిపోర్టులో అంకె ఒకటే, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. అందుకే డాక్టరుగారు రక్తంలో మందు మోతాదు చూస్తారు, అవసరమైతే బయాప్సీ చేయిస్తారు. ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు ఇది.

మీరు చేయవలసినవి

1. మందు మోతాదు పరీక్షకు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వండి. మాత్ర వెంట తెచ్చుకుని, రక్తం ఇచ్చాక వేసుకోండి.
2. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు మెడికల్ షాపులో కొని వాడవద్దు.
3. ఎరిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ వంటి మందులు రక్తంలో ఈ మందును పెంచుతాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా మీ మందుల చీటీ చూపించండి.
4. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినవద్దు.
5. విరేచనాలు, వాంతులు పట్టుకుంటే అదే రోజు ఆసుపత్రికి తెలియజేయండి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి దెబ్బ. విరేచనాలప్పుడు టాక్రోలిమస్ రక్తంలో పెరగవచ్చు కూడా.
6. షాపులో వేరే కంపెనీ మాత్ర ఇస్తే, డాక్టరుగారిని అడగకుండా మార్చవద్దు.

కుటుంబ సభ్యులకు ఒక మాట

"ప్రార్థన చేయించుకున్నాం, బాగానే ఉన్నాడు, ఇక మాత్రలెందుకు?" అనుకునేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. రిజెక్షన్ మొదలైనప్పుడు నొప్పి ఉండకపోవచ్చు. మనిషి బాగానే కనిపిస్తాడు. ప్రార్థన మానవద్దు, మాత్రలూ మానవద్దు. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే కదా! ఒకరు అవయవమిచ్చి నిలబెట్టిన ప్రాణమది. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక "మాత్ర వేసుకున్నావా?" అని ఇంట్లో ఒకరు తప్పక అడగండి. రక్తపరీక్ష తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టండి.

ప్రభువు మీ కుటుంబాలను ఆయురారోగ్యాలతో దీవించును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్