మారిషసు దీవి చెప్పు పాఠము

"మీ రెవరు?" అని యెవరైన నడిగినచో కొందఱు కులమును, కొందఱు భాషను, కొందఱు దేశమును జెప్పుదురు. వీనిలో దేనివలన జాతీయత యేర్పడునో తెలియగోరువారు హిందూమహాసముద్రమందలి మారిషసు దీవిని జూడవలెను.

ఆ దీవికి ఆదివాసులు లేరు. అందలి వారెల్లరును ఓడ దిగినవారి సంతతియే. ఫ్రెంచివారు ఆఫ్రికా, మడగాస్కరులనుండి బానిసలను గొనివచ్చిరి. 1810లో ఆంగ్లేయులు దీవిని జయించియు ఫ్రెంచిభాషను తొలగింపరైరి. 1835లో బానిసత్వము రద్దయ్యెను. చెఱకుతోటల పనికై 1834 మొదలుకొని నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఒడంబడిక కూలీలుగా చేరిరి. వారిలో పెక్కురు భోజపురి మాటాడువారు; తమిళులు, మరాఠీలు, తెలుగువారును గలరు. కోరంగి రేవు పేరిట మనవారిని "కోరంగులు" అనిరి.

ఇన్ని జాతులవారిని గలిపిన భాష, బానిసల నోట బుట్టిన క్రియోలు. అయినను 1968లో స్వాతంత్ర్యము వచ్చినపుడు రాజ్యాంగము శాసనసభకు ఇంగ్లీషును విధించి, ఫ్రెంచిని అనుమతించెను. ఇంటింటి భాషకు చోటీయలేదు. క్రియోలు పాఠశాలలలో పాఠ్యవిషయమగుటకు 2012 వఱకు వేచియుండవలసెను. ఎన్నికలకొఱకు ప్రజలను హిందువులు, ముస్లిములు, చీనావారు, ఇతరులు అని నాలుగు తెగలుగా విభజించిరి. 1972 తరువాత జనాభా లెక్కలలో తెగ నడుగుట మానిరి గాని, ఆ విభాగము మనసులనుండి తొలగలేదు. 1998లో క్రొత్త నోట్లపై తమిళలిపికి ముందు హిందీలిపి ముద్రింపగా తమిళులు మిక్కిలి నొచ్చుకొనిరి. ఆ నోట్లను ఉపసంహరింపవలసివచ్చెను. అక్షరములు చిన్నవే, గాయము మాత్రము పెద్దది. తన భాష వెనుకకు నెట్టబడెనన్న, తానే నెట్టబడితినని మానవుడు తలచును గదా!

అచ్చటి తెలుగు కుటుంబములలో పిల్లలు సామాన్యముగా క్రియోలులోనే మాటాడుదురు. తెలుగును బడిలో నేర్తురు. ఉగాది నాడు దేశమంతటికిని సెలవు. మఱి వారి మాతృభాష యేది? తల్లి మాటాడునదియా, తాతమ్మ మాటాడినదియా? రెండును అని చెప్పుటయే న్యాయము. ఒకటి పొరుగువారితో గలుపును; మఱియొకటి పూర్వులతో గలుపును. ఒక దానికై మఱియొక దానిని విడువుమని నిర్బంధించినచో జాతీయత బలపడదు, మనసు విఱుగును.

తల్లులారా! పొరుగింటివారి యాసను జూచి మన పిల్లలు నవ్వినపుడు మనమును నవ్వుచున్నామా? ఆ నవ్వును మాన్పుటయే దేశసేవకు తొలిమెట్టు. శాసనసభలు చట్టములు చేయగలవు. ఇతరుల పలుకును గౌరవించుట మాత్రము తల్లి యొడిలోనే యలవడవలెను.